చుట్టులోని చుట్టునుండి వెలుపలికి త్రోవ

ఎక్కములు వల్లించు బాలునికి ఒక చిన్నపని చెప్పితిమనుకొందము. రెండవ ఎక్కము మొదలు ఇరువదవ ఎక్కము వఱకు ఒక్కొక్కదానిని పదేసి మెట్లు చదువుచు పోవలెను. ఏబదియాఱు అను సంఖ్య మొట్టమొదట ఎక్కడ తగులునో అక్కడ ఆగి, ఆ చోటేదో వచ్చి మనకు చెప్పవలెను. బాలుడు రెండవ ఎక్కము ముగించును, మూడవది ముగించును, ఆఱవది ముగించును. ఏడవదానిలో 'ఏడెనిమిదులు ఏబదియాఱు' అనును. పని తీఱినది. ఏడవ ఎక్కములో మిగిలిన రెండు మెట్లతో వానికిక పనిలేదు. ఎనిమిదవది మొదలు మిగిలిన పదుమూడు ఎక్కములతోను పనిలేదు. ఇంగితమెఱిగినవాడు గనుక పుస్తకము మూసి లేచి వచ్చును.

ఇదే పనిని కంప్యూటరునకు చెప్పి చూడుడు. దానికి వేగమేగాని ఇంగితము లేదు. 'సంఖ్య దొరికినతోడనే చదువు మానుము' అంటిమేని, ఏ చదువు మానవలెను? ఏడవ ఎక్కమునా, ఎక్కములన్నిటినా? అది తాను అప్పుడు చదువుచున్న ఏడవ ఎక్కమును మాత్రము మాని, నిశ్చింతగా ఎనిమిదవదానిని ఎత్తుకొనును. 'ఎనిమిదేడులు ఏబదియాఱు' అని మరల తగులును. ముందు వ్రాసికొన్న జవాబును తుడిచి దీనిని వ్రాసికొనును. పదునాల్గవ ఎక్కమున నాల్గవ మెట్టువద్ద మఱియొకసారి తగులును, మఱియొకసారి తుడుచును. తుదకు మనచేతికి వచ్చునది 'పదునాల్గు నాలుగులు' అను జవాబు. గుణకారమున తప్పులేదు. మొట్టమొదటిదేదన్న ప్రశ్నకు కట్టకడపటిది జవాబైనది, అంతే.

ఒకేపనిని మరల మరల చేయించు ఇట్టి ఏర్పాటును ప్రోగ్రాములు వ్రాయువారు లూపు అందురు. మేము దానిని చుట్టు అని వ్యవహరింతుము. ఎక్కమును మెట్టు మెట్టుగా చదువుట లోపలిచుట్టు. ఎక్కము తరువాత ఎక్కము నెత్తుకొనుట వెలుపలిచుట్టు. లోపలిచుట్టులో నిలిచి రెంటినుండియు ఒక్కసారి బయటపడుటెట్లు? ఈ చిన్నప్రశ్నకు జవాబు వెదకుచు పండితులు అర్ధశతాబ్దికి పైగా వాదించుకొనిరి. ఇది యంత్రములవారి ఇంటిగొడవ, మనకేల యని చదువరులు కొందఱనవచ్చును. నేడు మన బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు, కరెంటు బిల్లులు అన్నియు ఈ చుట్టులమీదనే తిరుగుచున్నవి. మన బిడ్డలు బడులలో ఈ భాషలనే నేర్చుకొనుచున్నారు. అదియునుగాక, ఒక దురాచారమును మాన్పబూనిన సంస్కర్తలు దాని స్థానమున ఏమి నిలుపవలెనో ఆలోచింపక త్వరపడినప్పుడు ఏమగునో ఈ కథలో చక్కగా కనబడును. మమ్ము ఆకర్షించినది ముఖ్యముగా ఈ భాగమే.

చుట్టులో చుట్టు అను భావము కంప్యూటరుకంటె పాతది. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి కల్పించిన విశ్లేషణయంత్రమును గూర్చి ఇటలీ దేశస్థుడైన మెనబ్రియా ఫ్రెంచిభాషలో వ్యాసము వ్రాసెను. అడా లవ్‌లేస్ అను విదుషి దానిని 1843లో ఇంగ్లీషులోనికి తెచ్చి, మూలముకంటె పెద్దవైన టిప్పణములను చేర్చెను. ఒకే క్రియల వరుస మరల మరల వచ్చుటను ఆమె వానిలో చక్రమని పేర్కొని, చక్రములతో కూడిన చక్రమును గూడ వివరించెను. బాబేజి యంత్రము పూర్తికానేలేదు గనుక ఆమె చక్రములు కాగితము దాటలేదు. వానిని నడుమ విడిచివచ్చుటెట్లన్న చిక్కు నిజమైన యంత్రములు తిరుగనారంభించిన తరువాత గాని మనుష్యులను బాధింపలేదు.

1957లో జాన్ బాకస్ అను పండితుని నాయకత్వమున ఐ.బి.ఎం. 704 యంత్రమునకై ఫోర్‌ట్రాను భాష వెలువడెను. చుట్టు తిప్పుటకు దానిలో 'డూ' అను ఆజ్ఞ కలదు; చుట్టు ఏ ఆజ్ఞతో ముగియునో ఆ ఆజ్ఞకొక సంఖ్య నిత్తురు. నడుమ విడిచి రావలెనన్న 'గోటూ' అను ఆజ్ఞ కలదు. 'ఫలాని సంఖ్యగల చోటికి పొమ్ము' అని దాని అర్థము. ఎన్ని చుట్టుల లోపలనున్నను ఒక్క గోటూతో వెలుపలికి గంతువేయవచ్చును. వెలుపలనుండి చుట్టు నడుమకు దూకుట మాత్రము ఒకటి రెండు మినహాయింపులు తప్ప నిషిద్ధము. 1960లో పీటర్ నావర్ సంపాదకత్వమున వెలువడిన ఆల్గాల్ భాషానివేదికలో ఒక వింతనియమమున్నది. చుట్టు తనంత తాను ముగిసినయెడల, మెట్లను లెక్కపెట్టిన చలరాశి విలువ ఏమగునో చెప్పజాలమనియు, గోటూతో విడిచి వచ్చినయెడల విడిచిన క్షణమున దానికున్న విలువయే నిలుచుననియు అది చెప్పుచున్నది. ఇది న్యాయమే. సగములో లేచివచ్చిన బాలునికి తానెక్కడ ఆగెనో తెలిసియుండవలెను గదా! అదే మనమడిగిన జవాబు. చుట్టును నడుమ విడుచుట అపచారము గాదనియు, వెదకులాటలో అదియే సహజమైన ముగింపనియు ఆ పెద్దలెఱుగుదురని ఈ నియమమే సాక్ష్యము.

అయినను గోటూ అదుపులేని సేవకుడు. చుట్టునుండి వెలువడుటకే దానిని వాడిన బాధలేకుండెడిది. కాని అది ముందుకు పోవును, వెనుకకు పోవును, ఏ ఆజ్ఞనుండి ఏ ఆజ్ఞకైనను దూకును. ఇట్టి గంతులు వందలకొలది నిండిన ప్రోగ్రామును చదువుట పిల్లి ఆడుకొన్న దారపుండను విప్పుటవంటిది. ఒక ఆజ్ఞ దగ్గఱ నిలిచి, ఇచటికి మనమెట్లు వచ్చితిమని అడిగినచో జవాబు దొరకదు.

1968 మార్చిలో నెదర్లాండ్సుకు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అమెరికాలోని కంప్యూటరు పండితసభవారి పత్రికలో ఒక జాబు ప్రకటించి గోటూను ఖండించెను. ఆయన పెట్టిన పేరు గోటూకు ప్రతికూలవాదమను అర్థము గలది. సంపాదకుడైన నిక్లాస్ విర్త్ దానిని గోటూ హానికరమను తీవ్రమైన శీర్షికగా మార్చెను. ఆ శీర్షికయే జగత్ప్రసిద్ధమైనది. (ఆ విర్తే 1970లో తాను చేసిన పాస్కల్ భాషలో గోటూను ఉంచెను, చుట్టును నడుమ విడుచుటకు వేఱొక ఆజ్ఞ నీయలేదు. సంపాదకునికి సాధ్యమైన తీవ్రత గ్రంథకర్తకు సాధ్యపడలేదు గాబోలు!)

శీర్షిక చదివినవారందఱు జాబును చదువలేదని మా అనుమానము. ఆయన ముఖ్యవాదము ఇది. కాగితముపైనున్న ప్రోగ్రాము కదలక నిలిచియుండును. యంత్రములో అది కాలక్రమమున నడచును. నిలిచినదానిని చూచి నడచుదానిని ఊహించుటలో మనుష్యబుద్ధి దుర్బలము. కావున నడక ఏ క్షణమున ఎచటనున్నదో గుర్తించుటకు స్పష్టమైన ఆనవాళ్లుండవలెను. ఏడవ ఎక్కము, ఎనిమిదవ మెట్టు అన్నట్లు. విచ్చలవిడి గోటూ ఈ ఆనవాళ్లను చెఱిపివేయును. ఇంతవఱకు అందఱెఱిగినదే. కాని అదే జాబులో ఆయన మఱి రెండు మాటలు వ్రాసెను. పనిని నడుమ విరమించు ఆజ్ఞలవంటి కొత్త ఏర్పాటులు కావలసివచ్చిన వానినిగూడ చేర్చుకొనవచ్చును, ఆనవాళ్లు చెడకుండిన చాలునని ఒకటి. గోటూలతో నిండిన ప్రోగ్రామును యాంత్రికముగా గోటూలేనిదానిగా మార్చుట మంచిపని గాదనియు, ఫలితము మొదటిదానికంటె తేటగా నుండునని ఆశింపరాదనియు రెండవది.

శిష్యులీ రెండుమాటలను చెవినిబెట్టలేదు. 1966లో ఇటలీ పండితులైన బోమ్, జాకోపీనీ ఒక సిద్ధాంతమును నిరూపించియుండిరి. వరుసగా నడచుట, చుట్టు తిరుగుట, అదనముగా కొన్ని గుర్తులు. ఇవియున్న ఎట్టి ప్రోగ్రామునైనను గోటూ లేకుండ వ్రాయవచ్చునని దాని సారము. దీనిని పట్టుకొని గోటూ అనవసరమనియు, చుట్టునకు ప్రవేశమొకటియు నిష్క్రమణమొకటియు మాత్రమే ఉండవలెననియు కొందఱు శాసించిరి. సాధ్యమనుట వేఱు, సుఖమనుట వేఱు. గోడకు తలుపు తీసివేసి, పెరటిదారిని వీధిలోనికి పోవుట సాధ్యమే గదా అన్నట్లు!

ఆ 'అదనపు గుర్తు' ఎట్టిదో చూతము. ఇంగ్లీషువారు దానిని జెండా అందురు. మన ఇండ్లలో కొంగుముడి అన్నచో చక్కగా తెలియును. ఏదైనను మఱచిపోకుండుటకు మన తల్లులు కొంగున ముడివేసికొందురు. అట్లే ఏబదియాఱు దొరికినతోడనే బాలుడు కొంగుముడి వేయును. అటుపిమ్మట మెట్టుమెట్టుకును కొంగు తడిమి, ముడియున్నదా యని చూచి, లేకున్ననే ముందుకు పోవును. ఒక ఎక్కము ముగియగానే తఱువాతి ఎక్కమెత్తుకొనుటకు ముందు మరల తడుమును. చుట్టులు మూడైన మూడుచోట్ల తడుమవలెను. ఒకచోట తడుముట మఱచెనా, మనకు పదునాల్గు నాలుగులే జవాబు. గోటూ ఒక్కమాటలో చేసిన పనికి ఇన్ని పరీక్షలు! చదువరికిగూడ మేలు లేదు. చుట్టు ఎప్పుడాగునో తెలిసికొనుటకు వాడు ముడిని ఎవరు, ఎచట, ఎందులకు వేసిరో వెదకుకొనవలెను. ఆనవాళ్లకొఱకు ప్రారంభమైన సంస్కారము ఆనవాలునే దాచిపెట్టినది.

ఇచట మన ఆంధ్రుడొకడు రంగమున ప్రవేశించుచున్నాడు. కృష్ణాజిల్లా కోలవెన్ను గ్రామమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టము పొంది, ఖరగ్‌పూరులోను, తదుపరి అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునందును చదివి, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన కొసరాజు సాంబశివరావుగారే ఆయన. రేఖాచిత్రములలో పరస్పరము చేరగల బిందువుల గుంపులను కనిపెట్టు పద్ధతికి ఆయన పేరుండుటచేత విద్యార్థులందఱు ఆయన నెఱుగుదురు. కాని 1974లో ఆయన ప్రకటించిన మఱియొక పరిశోధన మన విషయమునకు ప్రాణమువంటిది. మనవారిలో దాని నెఱిగినవారు తక్కువ.

కొంగుముడులు వేయగూడదు, ఉన్న చలరాశులే వాడవలెను అను నియమము పెట్టుకొందము. అప్పుడు ఒక్కచుట్టునుండి మాత్రము వెలువడనిచ్చు భాషతో అన్ని ప్రోగ్రాములను వ్రాయగలమా? వ్రాయలేమని కొసరాజుగారు నిరూపించిరి. పోనీ, రెండుచుట్టులనుండి ఒక్కసారి వెలువడనిచ్చిన చాలునా? చాలదు. మూడిచ్చిన? అదియు చాలదు. ఎంత లోతు సంఖ్యను చెప్పినను, సరిగా అంతలోతునుండి వెలువడు ఆజ్ఞ కావలసిన ప్రోగ్రామొకటి కలదు. అంతకంటె తక్కువలోతు ఆజ్ఞలతో దానిని మాఱుముడి లేకుండ వ్రాయ సాధ్యముగాదు. మెట్లు ఎక్కినకొలది మెట్లేగాని మేడ ముగియదు. దీనికి తోడు, ఎంతలోతునుండియైనను వెలువడు అధికారమిచ్చిన, ఏ ప్రోగ్రాములను ముడులు లేకుండ వ్రాయవచ్చునో గూడ ఆయన తేల్చిరి. ప్రతి చుట్టునకు ప్రవేశద్వారమొక్కటే గలవానినన్నిటిని అట్లు వ్రాయవచ్చును, నిష్క్రమణద్వారములెన్నియున్నను బాధలేదు.

ఈ సిద్ధాంతముయొక్క గౌరవమును సరిగా గ్రహింపవలెను. అంతవఱకు, 'నాకు ఇది సులభముగానున్నది', 'నాకది ఏవగింపుగానున్నది' అను రుచిభేదములే వాదములుగా చెల్లినవి. లోపలినుండి దూరముగా వెలువడుట సోమరుల కోరిక గాదు, పనిలోనే ఉన్న అవసరమనియు, దానిని నిషేధించినచో దాని మూల్యమును మఱియొకచోట ముడులరూపమున చెల్లింపక తప్పదనియు గణితముచేత తేలెను. వెలుపలినుండి లోనికి దూకుటయు, లోపలినుండి వెలికి వచ్చుటయు ఒకే దోషము గాదనిగూడ తేలెను. మొదటిది దొంగతనమువంటిది. రెండవది పని ముగించుకొని ఇల్లు చేరుట. ఈ రెంటికి గోటూ అను ఒకే పేరుండుటచేత ఒకదాని పాపము మఱియొకదానికి అంటినది.

అదే 1974లో డొనాల్డ్ కనూత్ గోటూలను గూర్చి సుదీర్ఘమైన సమీక్ష వ్రాసి, ఉభయపక్షములవారిని మందలించెను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున విలియం వుల్ఫ్ ప్రభృతులు చేసిన బ్లిస్ భాషలోనో గోటూయే లేదు. ప్రోగ్రాములో ఒక భాగమునకు పేరుపెట్టి, ఆ పేరు చెప్పి దానిని విడిచివచ్చు ఆజ్ఞను వారు చేర్చిరి. త్రోవ మూసినవారే త్రోవ చూపుట మాకు మెచ్చుదగినదిగా తోచుచున్నది.

బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ 1972 ప్రాంతమున నిర్మించిన సీ భాష ఈ త్రోవను పట్టలేదు. దానిలో 'బ్రేక్' అను ఆజ్ఞ కలదు. అది తన్ను చుట్టుకొన్న ఒక్క ఆవరణమునుండి మాత్రము వెలువరించును. రెండు చుట్టులు దాటవలెనన్న గోటూయే శరణ్యము. ఆ భాషకు 1978లో ప్రమాణగ్రంథము వ్రాసినవారు గోటూను మెచ్చలేదు గాని, లోతైన చుట్టులనుండి ఒక్కసారి వెలువడుటకు అది పనికివచ్చునని ఒప్పుకొనిరి. బ్రేకునందు మఱియొక చిక్కున్నది. అది చుట్టునే గాక, అనేకపక్షములలో ఒకదానిని ఎన్నుకొను 'స్విచ్' అను ఏర్పాటును గూడ విడిపించును. షరతు చెప్పు 'ఇఫ్' అను దానిని మాత్రము విడిపింపదు. ఏ ఆవరణమునుండి వెలువడుచున్నామో ఆజ్ఞ నోటవిప్పి చెప్పదు, చదువరియే లెక్కపెట్టుకొనవలెను.

లెక్క తప్పినచో ఏమగునో 1990 జనవరి 15వ తేదీన అమెరికా చూచినది. ఏ.టి. అండ్ టి. కంపెనీవారి దూరపు టెలిఫోను వలలోని 114 స్విచ్చికేంద్రములలో క్రొత్త ప్రోగ్రామును కొన్ని వారములకు ముందే నెలకొల్పియుండిరి. దానిలో ఒక చుట్టు, చుట్టులో స్విచ్, స్విచ్‌లో ఇఫ్, ఇఫ్‌లో బ్రేక్ ఉండెను. వ్రాసినవారి తలపు ఇఫ్‌ను దాటుట. జరిగినది స్విచ్‌ను దాటుట. చేయవలసిన పని కొంత చేయకయే యంత్రము వెలువడెను. న్యూయార్కులో ఒక కేంద్రము చిన్నలోపముచేత ఆగి, కోలుకొని, నేను మరల సిద్ధమని ఇరుగుపొరుగు కేంద్రములకు వార్త పంపెను. వార్తలు రెండు వెంటవెంటనే వచ్చినచో అందుకొన్న కేంద్రము ఆ బ్రేకువద్ద తడబడి తానును ఆగును. కోలుకొని అదియు వార్తలు పంపును. ఇట్లు ఒకదానివలన ఒకటి పడుచు లేచుచు, దేశమందు దూరపు టెలిఫోను మాటలు తొమ్మిది గంటలపాటు స్తంభించెను. బ్రేకు ఒక్కటే దోషి యనుట అన్యాయము. పరీక్షలలో బయటపడవలసిన తప్పు అది. కాని తానెక్కడినుండి వెలువడుచున్నదో ఆజ్ఞయే పేరుపెట్టి చెప్పవలసియుండిన, ఆ పేరు వ్రాయునప్పుడైనను వ్రాయువాని చేయి ఆగియుండెడిది గదా యని మాకు తోచును.

కొందఱు పేరునకు బదులు లెక్క నిచ్చిరి. యూనిక్సు షెల్లులోను, తరువాత పీ.హెచ్.పీ. భాషలోను 'బ్రేక్ 2' అన్న రెండు ఆవరణములు దాటును. ఇది వ్రాయుటకు తేలిక, దిద్దుటకు ప్రమాదకరము. నడుమ మఱియొక చుట్టును చేర్చినవాడు ఈ రెంటిని మూడుగా దిద్దుట మఱచునేని, ప్రోగ్రాము మౌనముగా తప్పుదారి పట్టును. ఇంటి నంబరుకంటె ఇంటిపేరు మేలు. వీధిలో క్రొత్తయిల్లు లేచినను పేరు మాఱదు.

చుట్టునకు పేరుపెట్టు పద్ధతి అమెరికా రక్షణశాఖవారు కోరగా నిర్మింపబడిన భాషలో, 1983 ప్రమాణమునందు, మిక్కిలి పొందికగా కుదిరినది. జాన్ ఇష్‌బియా నాయకత్వమున రూపొందిన ఆ భాష పేరు అడా! చక్రములోని చక్రమును మొదట వర్ణించిన విదుషి పేరే అది. దాని సైనికప్రమాణసంఖ్య 1815 ఆమె పుట్టిన సంవత్సరము. దానిలో చుట్టునకు తలవద్ద పేరుపెట్టుదురు, చుట్టు ముగియుచోట అదే పేరు మరల చెప్పుదురు, విడుచుచోట 'ఫలాని చుట్టును, ఫలాని షరతు తీఱినప్పుడు విడువుము' అని వ్రాయుదురు. డైక్‌స్ట్రా కోరిన ఆనవాలు ఒక్కటియు చెడలేదు. తదనంతరము ఫోర్‌ట్రాను 90, పెర్ల్, జావా మొదలగునవి ఈ బాటనే పట్టినవి. జావాలో గోటూ అను మాటను ఎవరును వాడకుండ నిషిద్ధపదముగా కట్టిపెట్టి, పేరుగల చుట్టును విడుచు అధికారమును మాత్రమిచ్చిరి.

అయినను వాదము చల్లాఱలేదు. 1987 మార్చిలో ఫ్రాంక్ రూబిన్ అనువాడు డైక్‌స్ట్రా జాబు వెలువడిన పత్రికకే ఒక జాబు వ్రాసి, గోటూను హానికరమనుటయే హానికరమనెను. ఆయన ఇచ్చిన లెక్క మన ఎక్కములకు దగ్గఱి చుట్టమే. వరుసలుగా అంకెలు నిండిన పట్టికలో, అన్నియు సున్నలేయున్న మొదటి వరుసను కనిపెట్టవలెను. సున్నకాని అంకె తగిలినతోడనే ఆ వరుసను విడిచి తఱువాతి వరుసకు పోవలెను. ఒక వరుస అంతయు సున్నలైన రెండు చుట్టులను విడిచి రావలెను. గోటూతో ఇది పొట్టిగా తేలునని ఆయన వాదము. నెలలతరబడి జవాబులు, జవాబులకు జవాబులు వెలువడినవి. డైక్‌స్ట్రాయే ఆ ఉత్తరప్రత్యుత్తరములు నిరాశ కలిగించినవని వ్రాసెను. రూబినుగారి లెక్క న్యాయమైనదే. అది కోరునది గోటూను గాదు, పేరుగల ద్వారమును. ఇరుపక్షములవారును దానిని గోటూకు అనుకూలమా ప్రతికూలమా యని మాత్రమే విచారించిరి.

2007లో పైథాను భాషలో చుట్టులకు పేర్లు చేర్చవలెనని ఒక ప్రతిపాదన వచ్చెను. ఆ భాషాకర్తయైన గైడో వాన్ రాసమ్ దానిని త్రోసిపుచ్చెను. అంత చిక్కైన ప్రోగ్రాములు అరుదనియు, చుట్టులను ప్రత్యేకమైన ఫంక్షనుగా వ్రాసి 'రిటర్న్' అను ఆజ్ఞతో వెలువడిన తేటగా నుండుననియు, పేర్లనిచ్చిన సద్వినియోగముకంటె దుర్వినియోగమే హెచ్చగుననియు ఆయన కారణములు. రెండవ కారణమున బలమున్నది. మన ఎక్కముల పనికి 'మొదటిచోటు వెదకుట' అని పేరుపెట్టి, దొరికినతోడనే జవాబుతో తిరిగి వచ్చుట ఎంతయు సొగసైనదే. మేమును అట్లే వ్రాయుదుము. కాని అదియు చుట్టునకు పేరుపెట్టి విడుచుటయే గదా, వేఱుమార్గమున! ఇక దుర్వినియోగమగునన్న మూడవ కారణమును మేమంగీకరింపలేము. కొందఱు చెడగొట్టుదురని అందఱికిని ద్వారము మూయుట 1970 ప్రాంతపు పొరపాటే.

2024లో వెలువడిన సీ భాషాప్రమాణమున సయితము చుట్టులకు పేర్లులేవు. రెండు చుట్టులు దాటువారు నేటికిని గోటూ వ్రాయుచునే యున్నారు. గో, కాట్లిన్, రస్ట్ మొదలైన క్రొత్తభాషలు మొదటినుండియే పేర్లనంగీకరించినవి. రస్ట్ భాషలో పేరునకు ముందొక చిన్న కొమ్ము గుర్తు పెట్టుదురు. అందు 2022 నుండి చుట్టుగాని ప్రోగ్రాముభాగమునకు గూడ పేరుపెట్టి, ఆ పేరు చెప్పి నడుమ విడిచివచ్చు వీలు కల్గినది. బ్లిస్ భాషవారు యాబది సంవత్సరములకు ముందు తెఱచిన తలుపు అది. ఆ భాషలో మన ఎక్కముల లెక్కను వ్రాసి చూచితిమి. వెలుపలిచుట్టునకు 'ఎక్కములు' అని పేరుపెట్టి, ఏడవదాని ఎనిమిదవ మెట్టున ఏబదియాఱు తగులగానే 'ఎక్కములను విడువుము' అని వ్రాసితిమి. కొంగున ముడి అవసరము లేకపోయెను. ఎనిమిదవ ఎక్కము మొదలుకాలేదు.